ఆరో నంబరు నిక్కరు

మా వదిన ఫుట్‌బాల్ చూసేదాని కంటే చదివేది ఎక్కువ. పేపర్లో అనుకునేరు, కాదు. ఆటగాళ్ల నిక్కర్ల మీద.

మాది లాండ్రీ. అన్నయ్య మిషన్లు చూసుకుంటాడు, నేను ఇస్త్రీ బల్ల దగ్గర ఉంటాను, మిగతాదంతా, అంటే మా ఇద్దరితో సహా, వదిన చూసుకుంటుంది. మా ఊరి జట్టు ప్రాక్టీసు బట్టలు మా దగ్గరికే ఉతుకుడికి వస్తాయి. చొక్కాల మీది అంకెలు మా ఆవిరికి ఊడిపోతున్నాయని వాటిని క్లబ్బువాళ్ళే చన్నీళ్ళలో ఉతుక్కుంటారు. మాకు వచ్చేవి నిక్కర్లు, మేజోళ్ళు. వాటి మీద అంకెలుండవు. ఒక్కొక్కరివి ఒక్కొక్క వల సంచిలో వస్తాయి. సంచి తాడు చివర ప్లాస్టిక్ బిళ్ళ, బిళ్ళ మీద నంబరు.

పెళ్లై వచ్చిన కొత్తలో వదినకి ఈ ఆట పేరెత్తితే ఒళ్ళు మండేది. ఇన్నిన్ని మరకలు చేసుకునేది కూడా ఒక ఆటేనా అనేది. ఉతికీ ఉతికీ విసుగొచ్చి, "అసలు వీళ్ళు ఇంతలా ఎందుకు పడతారో చూద్దాం పదండి" అని ఒక శనివారం అన్నయ్యని గ్రౌండుకి లాక్కెళ్ళింది. ఆ రోజు మా జట్టు నాలుగు గోల్స్ తేడాతో ఓడిపోయింది. వదిన మాత్రం గొంతు మొత్తం పోగొట్టుకుని వెలిగిపోతూ ఇంటికొచ్చింది. మూడు రోజులు సైగలతోనే మాట్లాడింది. ఆ మూడు రోజుల ప్రశాంతత గురించి అన్నయ్య ఇప్పటికీ అప్పుడప్పుడూ తలుచుకుంటూ ఉంటాడు.

ఆమెకున్న సుగుణాలు చాలా. లేనిది ఒక్కటే, తప్పు ఒప్పుకోవడం. ఒకసారి ఒక లాయరుగారి స్వెటర్ మా వేడినీళ్ళలో పడి ముడుచుకుపోయింది. అది పసిపిల్లవాడికి కూడా తెలుస్తుంది. వదిన ఆయన్ని కౌంటర్ ముందు నిలబెట్టి, పైనుంచి కిందికి జాలిగా చూసి, "ఈమధ్య కాస్త ఒళ్ళు చేసినట్టున్నారు సార్" అంది. పాపం ఆయన థాంక్స్ చెప్పి వెళ్ళి, మర్నాటి నుంచి పొద్దున్నే పరుగులు మొదలుపెట్టాడు. ఇప్పుడు సన్నగా, ఆరోగ్యంగా ఉన్నాడు. అది కూడా తన చలవేనంటుంది వదిన.

కిందటేడు కొత్త కోచ్ వచ్చాడు. రావడంతోనే ప్రాక్టీసుకి గేట్లు మూయించాడు. అభిమానులకి ఊపిరాడనట్టైంది. ఎవరు బాగా ఆడుతున్నారు, ఎవరు కాళ్ళీడుస్తున్నారు, శనివారం ఎవరు దిగుతారు, ఒక్క ముక్క బయటికి రాదు. ఆ గేటు లోపల ఏం జరుగుతోందో తెలిసిన బయటి ప్రాణి ఊరు మొత్తానికి ఒక్కటే.

"చూడు మరిదీ, ఎడమ తుంటి మీద ఆకుపచ్చ మరక. నేల మీద జారి బంతి లాక్కున్నాడు," అనేది, నిక్కరు కిటికీ వెలుతురుకి అడ్డంగా పట్టి. "నల్లమట్టి గోలు ముందరిది. ఎర్రమట్టి గ్రౌండు మధ్యలోది. ఇదిగో, వీడికి వెనక మాత్రం తడి. పాపం, బెంచి మీద కూచోబెట్టేశారు."

మొదట్లో నవ్వాను. కానీ రెండో గోల్‌కీపరు శనివారం ఆడతాడని మంగళవారమే చెప్పింది, ఆడాడు. లెఫ్ట్ బ్యాక్‌కి కాలు బాగాలేదని చెప్పింది. ఆస్పత్రి ఫొటో పేపర్లో వచ్చింది. ఇక చూడాలి మా షాపు! పంచె లేనివాడు కూడా పంచె ఉతికించుకుంటానని వచ్చేవాడు.

సోమవారం సాయంత్రం షాపు కట్టేసే ముందు ఇస్త్రీ బల్ల చుట్టూ సభ తీరేది. బల్లే గ్రౌండు. బట్టల క్లిప్పులే ఆటగాళ్ళు, ఎర్రవి మావాళ్ళు, నీలంవి అవతలివాళ్ళు. ఖాయంగా వచ్చే సభ్యులు ఇద్దరు. ఒకరు సిటీ బస్సు డ్రైవరు. ఆయన లెక్కలో జట్టులో పదకొండు మందీ ముందుకే పరిగెత్తాలి. రెండోవారు లెక్కల మాస్టారు. మనం గోల్ కొడితే అందరూ ఎగిరి గంతేస్తారు, ఆయన శాతం కట్టి ఆ తర్వాత గంతేస్తారు.

"ముగ్గుర్ని ముందు పెట్టండి మాస్టారూ, ముగ్గుర్ని!" అని డ్రైవరు ఎర్ర క్లిప్పుల్ని నీలం గోలు మీదికి తోసేసేవాడు.

"మరి వెనకెవరుంటారు నాయనా? మీ బస్సా?"

"గోల్‌కీపరు ఉన్నాడుగా! ఊరికే నిలబడ్డానికా ఆయన?"

ఇలా మొదలై చివరికి ఎప్పుడూ ఇద్దరి దగ్గరే ఆగేది. తొమ్మిదో నంబరు, ఆరో నంబరు. తొమ్మిదో నంబరు స్ట్రైకరు, ముందుండి గోల్స్ కొట్టేవాడు. జుట్టు చెదరకుండా ఆడతాడని మేం పెళ్ళికొడుకు అని పిలుస్తాం. పెద్ద క్లబ్బు ఏదో అతన్ని అడుగుతోందని పుకారు. ఆరో నంబరు మా కెప్టెన్. మిడ్‌ఫీల్డ్ మధ్యలో పన్నెండేళ్ళుగా ఆడుతున్నాడు. ముప్ఫై ఆరు నిండాయి కాబట్టి తాతయ్య. నాకాయనంటే ప్రాణం. ఆయన బంతిని తన్నడు, ఎక్కడికెళ్ళాలో దాని చెవిలో చెప్పి పంపిస్తాడు. ఆ ఏడాది మాత్రం సగం మ్యాచ్‌లు బెంచి మీదే ఉన్నాడు. ఏడాది చివర ఆయన్ని ఉంచుకోవాలా, సాగనంపి పక్క ఊరి పొడుగుజుట్టు కుర్రాణ్ణి తెచ్చుకోవాలా అన్నది మా బల్ల మీద నెలల తరబడి నలిగిన సమస్య.

తీర్పు మాత్రం వదిన ఇచ్చేసింది. తొమ్మిదో నంబరు సంచి విప్పితే బురద, గడ్డి, ఒక్కోసారి నెత్తురు చుక్క. ఆరో నంబరు సంచి విప్పితే మడత నలగని నిక్కరు, పైగా గుప్పున సెంటు వాసన.

"పెళ్ళికొడుకు, పెళ్ళికొడుకు అని వెక్కిరిస్తారు గానీ ఆ పిల్లాడి కష్టం చూడండి!" అని వదిన ఒంటికాలి మీద లేచేది. "పైగా ఎర్రమట్టి. అంటే గోలు దగ్గర దొరబాబులా నిలబడకుండా మధ్యలోకి దిగి ఆడుతున్నాడు."

మాస్టారి కళ్ళు మెరిశాయి. "దాన్ని ఫాల్స్ నైన్ అంటారమ్మా! స్ట్రైకరు ముందుండకుండా కిందికి దిగి ఆడే పద్ధతి. కోచ్ రహస్యంగా అదే నేర్పిస్తున్నాడన్నమాట!"

"మరి తాతయ్య ఏం చేస్తున్నాడట?" అన్నాడు డ్రైవరు.

"సెంటు పూసుకుంటున్నాడు," అంది వదిన.

నేను ఊరుకోలేదు. "వదినా, ఆయన అలాంటివాడు కాదు. నిక్కరు రెండోది తెచ్చుకుంటున్నాడేమో! మాసింది ఇంట్లోనే ఉతుక్కుంటున్నాడేమో!"

"నీ మొహం. ఈ వయసులో ఆ సెంటేమిటి, ఎవరికోసమట?"

మూడు వారాలు ఆ డ్రైవరుతో మాట్లాడటం మానేశాను, వదినతో మానేసే ధైర్యం లేక. మాట మాత్రం ఆగలేదు. డ్రైవరు బస్సులో చెప్పాడు, మాస్టారు స్టాఫ్‌రూములో చెప్పారు. తాతయ్య ప్రాక్టీసులో ఒళ్ళు దాచుకుంటున్నాడని ఊరంతా గుప్పుమంది. ఆయన గ్రౌండులోకి దిగితే చాలు, ఈలలు. మొదటి ఈల మూడో వరసలోంచి వచ్చేది. రెండు వేళ్ళు నోట్లో పెట్టి మా వదిన వేసే ఈలకి అవతలి గోలు దగ్గర రిఫరీ కూడా ఉలిక్కిపడతాడు. "ఈ మాట ఎవరు పుట్టించారో నాకు అర్థం కావడం లేదు" అని కోచ్ పేపర్లో వాపోయాడు. అది చదివి మా బల్ల దగ్గర అందరం మురిసిపోయాం. కోచ్‌కి సొంత ఆటగాణ్ణి వెనకేసుకు రాక తప్పుతుందా అనుకున్నాం. 'అందరం' అన్నాను, ఒప్పుకుంటాను, నేనూ ఉన్నాను. ఆ సెంటు నన్ను కూడా దెబ్బతీసింది.

ఆఖరి మ్యాచ్ రోజు వచ్చింది. మ్యాచ్‌కి ముందు, ఆ మధ్యాహ్నం మూడింటికి, గ్రౌండు పక్క స్కూలు హాల్లో అభిమానుల సంఘం సభ. ఏడాదికి ఒక్కసారి కోచ్, కెప్టెన్ వచ్చి మా మొహాలు చూసి మాట్లాడే రోజు అదే. తాతయ్య ఉండేదీ పోయేదీ ఆ సభలోనే చెప్తాడని పేపర్లో వేశారు.

ఆ ఉదయం క్లబ్బు స్టోరు చూసే పెద్దాయనకి నడుం పట్టేసింది, సంచులు తీసుకెళ్ళడానికి రాలేనని ఫోను చేశాడు. నేనే ట్రాలీ మీద వేసుకుని వెళ్ళాను. డ్రెస్సింగ్ రూములో అడుగుపెట్టడం నాకు అదే మొదటిసారి. గోడకి వరసగా కొక్కేలు, ప్రతి కొక్కెం మీద ఒక నంబరు. పెద్దాయన బెంచి మీద వెల్లకిలా పడుకుని దారి చెప్తుంటే ఒక్కొక్క సంచీ తగిలిస్తున్నాను. సెంటు సంచి తీసుకెళ్ళి భక్తిగా ఆరో కొక్కేనికి పెట్టబోయాను.

"అక్కడ పెట్టకయ్యా!" అని మూలిగాడు పెద్దాయన. "అది తొమ్మిదో వాడిది. ఆ సెంటుకి నాకు తుమ్ములు ఆగవు."

"కాదండీ, ఆరు. చూడండి," అని బిళ్ళ చూపించబోయాను. సంచి నా చేతిలో తాడు పట్టుకుని వేలాడుతోంది. బిళ్ళ కూడా కిందికి వేలాడుతోంది. దాని మీద అంకె తొమ్మిది.

సంగతేమిటంటే, మా షాపులో సంచుల్ని వేలాడదీయం. బల్ల మీద అడుగు మా వైపు, మూతి తొట్టి వైపు పెట్టి పరుస్తాం, అడుగు పట్టుకుని దులిపితే బట్టలు నేరుగా తొట్టిలో పడతాయని. అలా పెడితే బిళ్ళలన్నీ మాకు తలకిందులుగా కనిపిస్తాయి. ఏడైనా, నాలుగైనా తలకిందులుగా చదవడం మాకు అలవాటే, తలకిందులుగా ఉందని చూడగానే తెలుస్తుంది. ఆరుకీ తొమ్మిదికీ ఆ సంగతి తెలియదు కదా! ఇదివరకటి బిళ్ళల మీద ఆ రెంటి కింద గీత ఉండేది. ఆ ఏడాది వచ్చిన కొత్త బిళ్ళల మీద గీత లేదు. ఇద్దరి సైజూ ఒకటే. ఏ సంచిలోవి ఆ సంచిలోకే తిరిగి వెళ్తాయి గనక ఎవరి నిక్కరు వాళ్ళకే చేరింది. తారుమారైంది మా బుర్రలో మాత్రమే, ఆ తర్వాత ఊరి బుర్రలో.

"అయితే ఆ బురద?" అన్నాను.

"ఇంకెవరిది? ఆరో ఆయనదే. అందరూ స్నానాలు చేసి పోయాక కూడా ఇంకో గంట పడి దొర్లుతాడు. ఏం లాభం! ఇంకో ఏడాది ఉండమని క్లబ్బు బతిమాలుతోంది. నన్ను చూస్తేనే ఈలలేస్తున్నారు, ఇంకెందుకు పెద్దాయనా అన్నాడు నాతో. వెళ్ళిపోతున్నానని కాగితం కూడా రాసుకున్నాడు. ఇవాళ చదువుతాడు."

ఆరూ తొమ్మిదీ సంచులు రెండూ చంకలో పెట్టుకుని, ట్రాలీ అక్కడే వదిలేసి పరుగు లంకించుకున్నాను. చెప్తే సిగ్గుచేటు గానీ నాకు ముందు దుఃఖం రాలేదు, ఆనందం వచ్చింది. నేనే గెలిచాను! మా తాతయ్య మా తాతయ్యే! రోడ్డు మీద ముక్కూ మొహం తెలియని ఒకాయన్ని ఆపి, "ఆ బురద ఆయనదేనండీ!" అని చెప్పాను. ఆయన నాకు దారి వదిలి పక్కకి తప్పుకున్నాడు. షాపు గుమ్మం దగ్గరికి వచ్చాక గుర్తొచ్చింది, ఈ మాట వదినకి చెప్పాలని. గుమ్మం బయటే ఆగి చెప్పులు రెండుసార్లు దులుపుకున్నాను.

నీళ్ళు నములుతూ ఎలాగో చెప్పాను. వదిన బిళ్ళ చేతిలోకి తీసుకుంది. ఇటు తిప్పింది, ఆరు. అటు తిప్పింది, తొమ్మిది. అలా ఎన్నిసార్లు తిప్పిందో. నేను ఇస్త్రీ పెట్టెకి కాస్త ఎడంగా జరిగాను.

"బిళ్ళ తయారు చేసినవాడిది తప్పు," అంది చివరికి.

"అవును వదినా."

"గీత పెట్టొద్దూ?"

"పెట్టాలి వదినా. కానీ ఆయన మూడింటికి వెళ్ళిపోతున్నానని చెప్పేస్తాడట. మన మాట విని జనం ఈలలేస్తున్నారనే."

వదిన స్టూలు మీద కూలబడి, "నువ్వు వెళ్ళి చెప్పు మరిదీ" అంది.

రోజుకి పది మాటలు మాట్లాడని అన్నయ్య మిషను ఆపి ఇటు తిరిగాడు. "వాడు చెప్తే ఎవరు నమ్ముతారు? ఊరు నమ్మింది నిన్ను. నువ్వే చెప్పాలి."

"అంతమందిలోనా? నా వల్ల కాదండీ. నేనెప్పుడూ అలాంటిది చెప్పలేదు."

"అవును. నాకు తెలుసు," అన్నాడు అన్నయ్య. ఆ మూడు ముక్కల్లో ఇరవై ఆరేళ్ళ కాపురం ఉంది.

హాలు కిక్కిరిసిపోయింది. వేదిక మీద కోచ్, పక్కన తాతయ్య. మొదటి వరసలో ఆటగాళ్ళు. సంఘం అధ్యక్షుడు మైకు ముందు దగ్గుతుండగానే తాతయ్య జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు. వెనక నుంచి ఎవరో సన్నగా ఈల వేశారు. నా పక్కన కుర్చీ కిర్రుమంది. వదిన లేచింది.

"ఆగు బాబూ! అది చదవకు!"

హాలంతా ఇటు తిరిగింది. సంచులు గుండెకి హత్తుకుని ఆమె నడవలోంచి వేదిక దగ్గరికి వెళ్ళింది. మైకు ఇవ్వబోతే అక్కర్లేదంది, నిజంగానే అక్కర్లేదు.

"నేను లాండ్రీ ఆమెని. ఈయన ప్రాక్టీసులో ఒళ్ళు దాచుకుంటున్నాడని చెప్పింది నేనే." ఆగింది. అన్నయ్య నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "అది తప్పు. నాదే తప్పు."

ఒక సంచి తాడు పట్టుకుని పైకెత్తింది. "ఇదెంత?"

"ఆరు!" అంది హాలు.

సంచిని బల్ల మీద పడుకోబెట్టి, బిళ్ళని తలకిందులుగా చూపించింది. "ఇప్పుడు?"

"తొమ్మిది!" అని అరిచారు అందరూ. నాలుగు క్షణాల తర్వాత ఒక మూల నుంచి మాస్టారి గొంతు వినిపించింది: "అయ్యో రామా, నా ఫాల్స్ నైన్!"

నవ్వులు పైకప్పుని తాకాయి. మొదటి వరసలో పెళ్ళికొడుకు లేచి నిలబడి, చెయ్యెత్తి, "సెంటు నాదేనండీ!" అన్నాడు. దాంతో డ్రైవరు కుర్చీలోంచి కిందపడ్డాడు. వదిన మాత్రం నవ్వలేదు. తాతయ్య వైపు తిరిగింది.

"ఏడాదంతా నీ బురద ఈ చేతులతోనే ఉతికాను బాబూ. ఉతికి, శభాష్ అని ఇంకొకరికి చెప్పాను. ఈ వేళ్ళతోనే నీ మీద మొదటి ఈల వేశాను. ఎవరి మాటో విని నువ్వు పోవడం కాదు, నా మాట విని పోతున్నావు. ఆ మాటే తప్పైనప్పుడు నువ్వు పోవడం ఏమిటి?"

నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, దాచుకోవాలనిపించలేదు.

తాతయ్య వేదిక దిగి వచ్చాడు. దగ్గరగా చూస్తే వయసు బాగా తెలుస్తోంది, కణతల దగ్గర నెరిసింది. ఆ సంచి అందుకుని కాసేపు చేతిలోనే పెట్టుకున్నాడు.

"అక్కా, గేట్లు మూసిన గ్రౌండులో ఒళ్ళు హూనం చేసుకుంటే ఎవరికి కనబడుతుందిలే అనుకున్నాను. మా ఆవిడతో కూడా అన్నాను, చూసేవాళ్ళు లేనప్పుడు ఇదంతా ఎందుకని. వారం వారం ఒకరు చూస్తూనే ఉన్నారన్నమాట. మనిషిని పొరబడ్డారు గానీ, పనిని పొరబడలేదు మీరు."

వదిన మాటలు రాక తల ఊపింది. ఆమెకి మాటలు రాకపోవడం నేను రెండోసారి చూశాను.

"ఉంటారా, పోతారా? అది చెప్పండి ముందు!" అని కింద కూచునే అరిచాడు డ్రైవరు.

తాతయ్య కాగితం నాలుగు ముక్కలు చేసి జేబులో వేసుకున్నాడు. "ఉంటాను."

ఆ తర్వాత ఏం జరిగిందో నాకు సరిగ్గా తెలియదు. ఎవరో నన్నెత్తారు, నేనెవర్నో ఎత్తాను. ఒకప్పుడు మూడు వారాలు మాటలు మానేసిన డ్రైవరు మెడ పట్టుకుని వేలాడుతున్నానని తెలిసేసరికి ఆయన నా చొక్కా బొత్తాం ఒకటి తెంపేసి ఉన్నాడు. మాస్టారు శాతం కట్టకుండానే గంతేశారు. కోచ్ మా వదిన దగ్గరికొచ్చి, "అమ్మా, ఇంకెవరి గురించైనా ఇలాంటివి ఏమైనా ఉన్నాయా?" అని భయంభయంగా అడిగాడు.

పెళ్ళికొడుకు ఆ వేసవిలోనే పెద్ద క్లబ్బుకి వెళ్ళిపోయాడు. వెళ్తూ వదినకి ఒక సెంటు సీసా ఇచ్చి వెళ్ళాడు. బిళ్ళల మీద గీతలు నేనే గీశాను. తాతయ్య తన సంచి ఇంకెవరి చేతికీ ఇవ్వడు, సోమవారం సాయంత్రం తనే పట్టుకొస్తాడు. వచ్చినవాడు ఊరికే వెళ్తాడా, స్టూలు లాక్కుని మా బల్ల దగ్గర చేరతాడు. మొన్న డ్రైవరు ఎప్పట్లాగే క్లిప్పులన్నీ ముందుకి తోసేస్తే, తాతయ్య నవ్వుకుంటూ మధ్యలో ఉన్న ఎర్ర క్లిప్పుని, అంటే తనని తానే, రెండంగుళాలు వెనక్కి జరిపాడు. ఆరో నంబరు అక్కడ నిలబడితేనే డిఫెన్స్‌కి అండ అన్నాడు.

వదిన ఆయన చేతి మీద చిన్న దెబ్బ వేసి, క్లిప్పుని మళ్ళీ ముందుకి పెట్టింది.

"నువ్వుండవయ్యా, నీకేం తెలుసు ఆట గురించి!"

పన్నెండేళ్ళ కెప్టెన్, చెయ్యి రుద్దుకుంటూ, నిజమేనేమో అన్నట్టు బల్ల వైపు చూస్తూ ఉండిపోయాడు.